పసిపిల్లల ఒంటి దురద: ఏదైనా పూసే ముందు వరసగా చేయాల్సిన పనులు

రాత్రి ఒంటిగంటకో రెండింటికో పక్కలోంచి గరగరమని గోకే చప్పుడు. లైటు వేసి చూస్తే గోళ్ల గీతలు తప్ప ఒంటి మీద పెద్దగా ఏమీ ఉండదు. తెల్లారేసరికి ఇంట్లో తలా ఒకటి చెబుతారు. వేడి చేసిందని ఒకరు, పాలు పడలేదని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. ఈలోపు ఎవరో ఒకరు ఏదో ఒకటి పూసేస్తారు.

మా చిన్నాడికి రెండేళ్లప్పుడు మేం చేసిందీ అదే. విజయవాడలో మే నెల, మాది పై అంతస్తు. పది రోజుల్లో ఆరు రకాలు పూశాం. ఆరోది పూసేసరికి అసలు దురద ఎలా మొదలైందో డాక్టరుకి కూడా అంతుపట్టకుండా చేసిపెట్టాం. ఆయన చీటీ మీద మందు రాయకముందే "ముందు అన్నీ ఆపండమ్మా" అన్నారు.

అప్పటినుంచి ఎవరడిగినా నేను చెప్పే వరస ఇది. ఐదేళ్లలోపు పిల్లలకి పనికొస్తుంది. జబ్బు పేరు తేల్చడం డాక్టరు పని. పేరు తేలేలోపు, ఒక్కోసారి తేలకపోయినా, పిల్లని హాయిగా నిద్రపుచ్చడం మన పని.

1. ఇవి కనిపిస్తే ఇంటి వైద్యం వద్దు

- పెదాలు, కనురెప్పలు, నాలుక వాయడం, ఊపిరి అందకపోవడం, ఈల వేసినట్టు ఎగశ్వాస, దద్దుర్లతో పాటు వరసగా వాంతులు, పిల్ల సోలిపోవడం. ఏదైనా తిన్నాక, మందు వేశాక, కందిరీగ కుట్టాక ఇలా అయితే వెంటనే 108కి ఫోన్ చేయండి.
- ఎర్రటి లేదా ఊదా మచ్చల మీద గాజు గ్లాసు ఆనించి నొక్కినా రంగు పోకపోవడం. జ్వరం కూడా ఉంటే ఒక్క గంట కూడా ఆగకూడదు.
- మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీలు, అంతకు మించిన జ్వరం.
- నొప్పి పెట్టే నీటి పొక్కులు గుత్తులు గుత్తులుగా రావడం.
- గోకినచోట తేనె రంగు పక్కు కట్టడం, చీము, చుట్టూ ఎరుపు పాకుతూ పోవడం.
- ఒంటి మీద ఏమీ లేకుండానే ఒళ్లంతా దురద, దాంతో పాటు కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం, మలం సున్నంలా పాలిపోవడం.

వీటిలో ఏదీ లేదని రూఢి చేసుకున్నాకే కింది పనులు.

2. పూయకముందు ఒళ్లంతా చూడండి

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, డైపరుతో సహా అన్నీ విప్పేసి చూడాలి. రాత్రిపూట ఫోన్ టార్చి వేసి చూస్తే ఉన్నదీ లేనిదీ అంతా ఎర్రగానే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా బయటపడదు. ముదురు గోధుమ రంగులోనో, ఊదాగానో తేలుతుంది. అందుకే కళ్లతో పాటు చేత్తోనూ చూడాలి. వేళ్ల వెనక వైపుతో మెల్లగా నిమిరితే గరుకు ఎక్కడుందో, ఆవగింజల్లా ఎక్కడ తగులుతున్నాయో ఇట్టే తెలుస్తుంది.

ఎక్కడ ఏం కనిపిస్తే ఏం అనుమానించాలో చెబుతాను. ఇవి అనుమానాలే, తీర్పులు కావు.

మెడ మడతలు, వీపు, నుదురు, చంకల దగ్గర ఆవగింజంత పొక్కులు ఒత్తుగా ఉంటే చాలావరకు చెమటకాయలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడలో అంతకన్నా ముందే పసివాళ్ల వీపులు పేలిపోతాయి.

చంటిబిడ్డకి బుగ్గల మీద, నడిచే పిల్లలకి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక పొడిగా, గరుగ్గా, పొట్టు రేగుతూ ఉంటే ఎగ్జిమా కావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసమో, పొద్దున్నే తుమ్ములో ఉన్నాయేమో కూడా గుర్తు చేసుకోండి.

వేళ్ల సందులు, మణికట్లు, చంకలు, నడుం చుట్టూ, మగపిల్లలకి అంగం మీద చిన్న గుల్లలుండి, రాత్రి దురద రెట్టింపవుతుంటే గజ్జిని అనుమానించాలి. చంటిపిల్లలకైతే అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వస్తుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడగండి. "గజ్జి ఉందా" అంటే ఎవరూ ఒప్పుకోరు. "రాత్రిళ్లు గోక్కుంటున్నారా" అని అడగాలి. మాకు తెలిసిన ఒక ఇంట్లో తాతగారు నెలరోజులుగా గోక్కుంటూ, చెమటకి అనుకుని ఎవరికీ చెప్పలేదు. మనవరాలు పడుకునేది ఆయన పక్కనే.

కాళ్లు, చేతులు, అంటే బట్ట కప్పని చోట్ల, నడిమధ్య చుక్కతో గట్టి పొక్కులు మూడు నాలుగు కలిసి ఉంటే దోమో, నల్లో కుట్టిన గుర్తు.

ఉబ్బెత్తుగా లేచి, ఇక్కడ తగ్గి అక్కడ తేలేవి దద్దుర్లు. ఒకదాని చుట్టూ పెన్నుతో గీత గీసి పెట్టండి. మామూలు దద్దురైతే 24 గంటల్లోపు ఆ గీతలోంచి మాయమవుతుంది. పిల్లల్లో జలుబు, జ్వరం వచ్చి తగ్గే రోజుల్లో కూడా ఇవి వస్తుంటాయి. ప్రతిసారీ తిండి వల్లే అనుకోవద్దు.

గుండ్రంగా, అంచు ఎర్రగా, నడిమి తేటగా ఉంటే తామర. ముడ్డి దగ్గర మాత్రమే, అదీ రాత్రిపూట దురదంటే నులిపురుగులు. తల మాత్రమే గోకుతుంటే పాపిడి తీసి పేలు, ఈపులు చూడండి.

చూసిన ప్రతి చోటా ఫోనుతో ఫొటో తీయండి. దగ్గరగా ఒకటి, ఒంట్లో ఆ చోటు ఎక్కడుందో తెలిసేలా దూరంగా ఒకటి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున దద్దుర్లు కనిపించకుండా పోవడం మామూలే.

3. మూడు రోజులు ఇవన్నీ బంద్

దురద మొదలవగానే మన చేయి ఏదో ఒక సీసా మీదకి పోతుంది. దాన్ని ఆపడమే ఇక్కడ పని. కొత్తది ఒక్కటీ మొదలెట్టకుండా, ఉన్నవాటిని కనీసం మూడు రోజులు మానేయాలి.

- నలుగు పిండి, సున్నిపిండి. మామూలు ఒంటికి సరే, దురద ఉన్న ఒంటికి గరుకు కాగితంతో రుద్దినట్టే.
- పసుపు, వేపాకు నూరి పట్టించడం. గోకి రేగిన చోట ఇవి మంట పెడతాయి. ఆటలమ్మ పోసినప్పుడు వేపరెమ్మలతో విసరడం వేరే సంగతి, దానివల్ల నష్టం లేదు. వేపనూనె మాత్రం పిల్లల నోట్లోకి చుక్క కూడా పోకూడదు, విషమవుతుంది.
- స్నానం నీళ్లలో యాంటీసెప్టిక్ లిక్విడ్.
- పౌడరు. చెమటతో కలిసి మడతల్లో ఉండ కడుతుంది, పసివాళ్లు పీలిస్తే ఊపిరితిత్తులకి చెరుపు.
- సాంబ్రాణి పొగ, అగరొత్తులు, గదిలో స్ప్రేలు.
- ఆవనూనె, ఘాటు వాసనల మసాజు నూనెలు.
- మొలతాడు, దిష్టితాడు, మెడలో గొలుసు, చేతులకి గిల్టు గాజులు. తాడు కింద తడి ఆరదు, అక్కడే ఒరుసుకుపోతుంది. చవక నగల్లోని నికెల్ కొందరికి పడదు.

ఇంకోటి విడిగా చెప్పాలి. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రాయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. చల్లగా ఉంటుంది, నిజమే. కానీ కర్పూరం చర్మంలోంచి, నోట్లోంచి పసివాళ్ల ఒంట్లోకి చేరితే ఫిట్స్ తెప్పించగలదు. మేం పూసిన ఆరింటిలో రెండోది ఇదే. తెలిసి చేయలేదు, కానీ ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇది మూడు రోజులకి కాదు, పూర్తిగా మానేయాల్సినది.

పెద్దవాళ్లకి ఇదంతా నచ్చదు. "మా పిల్లలందరినీ నలుగుపెట్టే పెంచాం కదమ్మా" అన్నారు మా అత్తయ్య. వాదనకి దిగలేదు. "మూడు రోజులే అత్తయ్యా, ఈలోపు వాడికి క్రీము రాసే పని మీదే" అన్నాను. చేతిలో పని ఉంటే పెద్దవాళ్లు ఊరుకుంటారు. పైగా నాకన్నా ఓపిగ్గా రాసేవారు.

4. దగ్గర పెట్టుకోవాల్సినవి

- వాసన లేని, నురుగు తక్కువొచ్చే బేబీ సబ్బు
- వాసన లేని మాయిశ్చరైజర్, లోషన్ కన్నా చిక్కటి క్రీమ్ మేలు
- వాజిలైన్ లాంటి ఉత్త పెట్రోలియం జెల్లీ
- కాలమైన్ లోషన్
- పాత నూలు చీర చింపిన మెత్తటి గుడ్డలు నాలుగైదు
- గోళ్ల కటర్
- దోమతెర
- ఒక నోటు పుస్తకం

ఏ క్రీమైనా ముందు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట ఒకటి రెండు రోజులు రాసి చూడండి. ఎర్రబడకపోతేనే ఒళ్లంతా.

5. స్నానం ఇలా

మొదటి చిక్కు నీళ్ల దగ్గరే. ఎండాకాలం మధ్యాహ్నం డాబా మీద ట్యాంకు నీళ్లు కుళాయి తిప్పితే చేయి కాలేలా వస్తాయి. అలాంటి వేడి దురదని ఇంకా లేపుతుంది. పొద్దున్నే ఒక బకెట్ పట్టి బాత్రూములో మూత పెట్టి ఉంచండి, సాయంత్రానికి సరిగ్గా ఉంటాయి. చలికాలంలో గోరువెచ్చగా చాలు. మోచేయి ముంచితే వేడీ చల్లనా తెలియకూడదు.

(1) క్రీము మూత తీసి, తువ్వాలు పరిచి పెట్టుకున్నాకే పిల్లని లోపలికి తీసుకెళ్లండి.

(2) ఒంటి మీద మగ్గుతో మెల్లగా పోయండి. మొత్తం ఐదు నుంచి పది నిమిషాలు. అంతకు మించి నానితే చర్మం ఇంకా ఎండుతుంది.

(3) సబ్బు చంకలు, గజ్జలు, మెడ మడతలు, పాదాలకి మాత్రమే. చేత్తోనే రాయండి. పీచు, స్పాంజి వద్దు.

(4) ఇంట్లో బోరు నీళ్లయితే సబ్బు నురగ రాదు, వదలదు కూడా. ఆ పొర ఒంటి మీదే ఉండి గుంజుతుంది. సబ్బు సగం తగ్గించి, చివరి రెండు మగ్గులు మున్సిపల్ కుళాయి నీళ్లు పోయండి.

(5) తుడవొద్దు, అద్దండి. మడతల్లో మాత్రం తడి పూర్తిగా ఆరాలి. గుడ్డ మడత లోపల రెండు క్షణాలు నొక్కి ఉంచితే పీలుస్తుంది.

(6) మూడు నిమిషాల్లోపు, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే క్రీము.

ఎండల్లో రెండుపూటలా పోయొచ్చు. రెండో పూట సబ్బు లేకుండా ఉత్త నీళ్లే.

6. ఏ ఒంటికి ఏది రాయాలి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడ. పొడి చర్మానికీ చెమటకాయలకీ ఒకటే డబ్బా వాడేస్తారు. పొడిగా ఉన్నచోటికి జిడ్డు కావాలి. చెమట పేరుకున్నచోటికి గాలి కావాలి. చెమటకాయల మీద వాజిలైనో నూనో పట్టిస్తే చెమట రంధ్రాలు ఇంకా మూసుకుపోయి రెండు రోజుల్లో తగ్గాల్సింది వారమైనా తగ్గదు.

పొడిగా, గరుగ్గా ఉంటే: రోజుకి కనీసం రెండుసార్లు చిక్కటి క్రీమ్. డబ్బాలోంచి శుభ్రమైన చెంచాతో తీసి అరచేతిలో వేసుకోండి. చుక్కలు చుక్కలుగా పెట్టి, వెంట్రుకలు వాలే దిక్కుగా పై నుంచి కిందికి నిమరండి. కసాబిసా మర్దనా చేయొద్దు. తడి మెరుపు కనిపించేంత రాయాలి. 30 గ్రాముల ట్యూబు వారం కూడా రాదు, పెద్ద డబ్బా కొనడమే చవక. ఉత్త కొబ్బరినూనె కూడా పొడి చర్మానికి బాగానే పనిచేస్తుంది.

చెమటకాయలైతే: జిడ్డు ఏదీ వద్దు. పలచటి నూలు బట్ట, ఫ్యాను, చల్లటి తడిగుడ్డ. దురద ఎక్కువైతే కాలమైన్ లోషన్ సీసా బాగా ఊపి, దూదితో పలచగా అద్దండి. కళ్ల దగ్గర, నోటి చుట్టూ, గోకి చీరుకుపోయిన చోట వద్దు. ఎగ్జిమా మీద కాలమైన్ రాస్తే పొడి ఇంకా పెరుగుతుంది.

7. దురద లేచిన ఆ పది నిమిషాలు

"గోకకు" అని అరిస్తే రెండేళ్లవాడు ఇంకా గోకుతాడు. చేయి పట్టుకుని ఆపితే ఏడుస్తాడు, ఏడిస్తే చెమట పడుతుంది, చెమటకి దురద పెరుగుతుంది. కాబట్టి:

- నూలుగుడ్డ చల్లటి నీళ్లలో ముంచి పిండి, దురదచోట ఐదు నుంచి పది నిమిషాలు వేసి ఉంచండి. ఐసుముక్క నేరుగా పెట్టొద్దు.
- గోకే బదులు అరచేత్తో నొక్కి పట్టడం నేర్పండి. మా వాడికి "తట్టు, గట్టిగా పట్టు" అని ఆటలా చేసి నేర్పాం.
- క్రీము డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి వాడితే చల్లదనానికే సగం దురద తగ్గుతుంది.
- చేతులకి పని చెప్పండి. చపాతీ పిండి ముద్ద ఇచ్చినా చాలు.

రాత్రికి ముందే గోళ్లు కత్తిరించి, అంచులు అరగదీయండి. స్నానం అయ్యాక గోళ్లు మెత్తగా ఉన్నప్పుడు తేలిక. చంటిబిడ్డ చేతులకి వదులుగా ఉన్న నూలు తొడుగులు వేయొచ్చు, లోపల దారపు పోగులు లేకుండా చూసుకోండి, వేలికి చుట్టుకుంటాయి.

ఏసీ ఉంటే 26 దగ్గర పెట్టి ఫ్యాను తిప్పితే చాలు. కూలరు వాడేవాళ్లు గడ్డి తెరలు, తొట్టి వారానికోసారి కడిగి ఆరబెట్టండి. లేదంటే బూజు గాలి, దోమ పిల్లలు రెండూ అందులోంచే వస్తాయి.

8. బట్టలు, పక్క

కొత్త బట్టలు ఉతక్కుండా తొడగొద్దు. మెడ వెనక లేబులు కత్తిరించేయండి. ఉతికినవి మామూలుకన్నా ఒకసారి ఎక్కువ జాడించండి, వాసన కోసం వేసే కండిషనర్ మానేయండి. పెళ్లిలో పట్టులంగా తప్పదంటే లోపల నూలు షిమ్మీ వేసి, ఫొటోలు అవగానే మార్చేయండి. జరీ ఒరిపిడికి నడుం చుట్టూ ఎర్రగా అచ్చు పడుతుంది.

పక్క దగ్గర ఎవరూ అనుమానించనిది రబ్బరు షీటు. పరుపు తడవకుండా వేస్తాం, మీద ఒక పలచటి దుప్పటి. రాత్రంతా బిడ్డ వీపుకి గాలి ఆడదు, చెమట ఎటూ పోదు. మా వాడి దురద మొదలైంది ఇక్కడే అని చివర్లో తేలింది. పొక్కులు వీపు మీద షీటు ఆనినంత మేరే ఉన్నాయి, పొట్ట మీద ఒక్కటీ లేదు. మొదటి రోజే బట్టలు విప్పి చూసుంటే ఆరు సీసాలు కొనేవాళ్లం కాదు. షీటు తీసేసి, పాత నూలు చీర నాలుగు మడతలు వేసి పరిచి, తడిసినప్పుడల్లా మార్చండి. ఉతుకుడు ఎక్కువే, కాదనను.

9. దోమలు, నల్లులు

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచి పోతున్నప్పుడు దోమల్లేని ఇల్లు బెజవాడలో దొరకదు. "ఇంట్లో అందరినీ కుడుతున్నాయి, వీడొక్కడికే ఎందుకిలా" అని అడుగుతారు. కొందరు పిల్లల ఒంటికి దోమ లాలాజలం పడదు. ఒక్క కాటుకి వారాలపాటు పొక్కు నిలుస్తుంది. కొత్త కాటు పడితే మానిన పాత పొక్కులు కూడా మళ్లీ లేస్తాయి. దాంతో ఒళ్లంతా ఏదో జబ్బు పాకిందని భయపడతాం. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో ఇది తగ్గిపోతుంది.

చేయాల్సినవి: సాయంత్రం ఐదింటికే తలుపులు మూయడం, వదులు నూలు ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా, పగటి నిద్రకి కూడా దోమతెర. దోమల క్రీము రేగిన చర్మం మీద, పిల్ల చేతులకి రాయొద్దు. రెండు నెలల లోపు వాళ్లకి అసలే వద్దు.

నల్లుల కోసం పరుపు కుట్ల వెంట, చెక్క మంచం బిగింపుల్లో టార్చి వేసి చూడండి. మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే ఉన్నట్టే. ప్రయాణం నుంచి వచ్చిన వారంలో దురద మొదలైతే ముందు బ్యాగులు దులపండి.

2024 సెప్టెంబరు బుడమేరు వరద లాంటిది వచ్చి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు చేరినప్పుడు, మునిగిన దూది పరుపు ఎండబెట్టినా పిల్లల్ని దానిమీద పడుకోబెట్టకండి. లోపలి బూజు పోదు.

10. గుంటూరు ఇళ్లకి: కారం సంగతి

మిర్చి యార్డుకి సరుకు ముమ్మరంగా వచ్చే నెలల్లో, తొడిమలు తీసే పనికి, బస్తాల పనికి వెళ్లొచ్చేవాళ్ల బట్టల నిండా కారపు దుమ్మే. ఇంటికి రాగానే బిడ్డని ఎత్తుకుంటాం. బిడ్డకి మంటకీ దురదకీ తేడా చెప్పడం రాదు, మెడ రుద్దుకుంటుంది, ఏడుస్తుంది. ఆవకాయ కలిపిన రోజున కూడా ఇదే.

- గుమ్మం దగ్గరే పైబట్టలు మార్చి, విడి బకెట్లో వేయండి. పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.
- మిరప ఘాటు నీళ్లతో వదలదు, నూనెలో కరుగుతుంది. చేతులకి ముందు వంటనూనె రుద్ది, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగండి.
- బిడ్డ ఒంటికి తగిలితే కొబ్బరినూనె రాసి గుడ్డతో అద్ది తీసి, బేబీ సబ్బుతో కడిగి, చల్లటి తడిగుడ్డ వేయండి.
- కంట్లో పడితే నూనె వద్దు. మంచినీళ్లు ధారగా పోస్తూ కడగండి, ఎరుపు తగ్గకపోతే డాక్టరు.

11. తిండి

వంకాయ, గోంగూర, గుడ్డు, చేప, పాలు అన్నీ మానిపించి పిల్లని చారన్నం మీద పెట్టడం తొందరపాటు. కంద, చేమ సరిగ్గా ఉడక్కపోతే నోరు, గొంతు దురద పెట్టడం వాటిలోని సన్నటి సూదుల్లాంటి స్ఫటికాల పని, అది అందరికీ ఉంటుంది. తిండి పడకపోతే సాధారణంగా తిన్న నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లో, పెదాల వాపో, వాంతో కనిపిస్తుంది. అదే తిండికి మళ్లీ అలాగే అయితే పుస్తకంలో రాసి, డాక్టరుకి చూపించండి. పాలిచ్చే తల్లికి కూడా ఎవరో చెప్పారని పథ్యం అక్కర్లేదు.

12. గజ్జి అని డాక్టరు చెబితే

మందు కన్నా పద్ధతి తప్పడం వల్లే ఇది తిరగబెడుతుంది. సాధారణంగా రాసేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్.

(1) ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. దురద లేనివాళ్లు, అమ్మమ్మ, పనికి వచ్చి బిడ్డని ఎత్తుకునే ఆమె కూడా.

(2) మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, పిరుదుల మధ్య, ఏదీ వదలొద్దు. చంటిపిల్లలకి తలకీ, ముఖానికీ కూడా, కళ్లు, నోరు తప్పించి. రెండు నెలల లోపు బిడ్డకి డాక్టరు చెప్పిందే చేయాలి.

(3) 8 నుంచి 14 గంటలు ఉంచాలి. మధ్యలో చేతులు కడిగితే మళ్లీ రాయాలి.

(4) పొద్దున్నే మూడు రోజులుగా వాడిన బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఉతకలేని బొమ్మలు, దిండ్లు ప్లాస్టిక్ కవరులో మూతికట్టి వారం పక్కన పడేయండి.

(5) వారం తర్వాత రెండోసారి, డాక్టరు చెప్పిన రోజున.

పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. తగ్గలేదని రోజూ రాస్తే చర్మం మండిపోతుంది.

నులిపురుగుల సంగతి ఒక్క ముక్కలో: ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, స్కూళ్లలో ఇచ్చే ఆల్బెండజోల్ ఏడాది దాటిన పిల్లలకి వేయించండి. ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకి అరబిళ్ల.

13. మెడికల్ షాపులో అడగకూడనిది

"పిల్లాడికి దురద, ఏదైనా క్రీమ్ ఇవ్వండి." ఈ మాట మేం రెండు చోట్ల అన్నాం. మూడు ట్యూబులు చేతికొచ్చాయి, పైన మూడు పేర్లు. డాక్టరు వాటిని బల్ల మీద వరసగా పెట్టి వెనక సన్నక్షరాలు చదివించారు. మూడింట్లోనూ ఉన్నది క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడే, దానికి తోడు తామర మందు, యాంటీబయాటిక్. రాయగానే దురద మాయమవుతుంది, అదే దాని మాయ. మానగానే రెట్టింపై వస్తుంది. తామరైతే లోలోపల పాకి ఆనవాలు మారిపోతుంది. పసివాళ్ల చర్మం పలచబడుతుంది.

అలాగని డాక్టరు రాసిన స్టెరాయిడ్ క్రీముకి భయపడి సగంలో మానకండి. ఎగ్జిమాకి సరైన బలంతో, సరైన రోజులు వాడితే అది మంచి మందే. కొలత ఇది: పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన క్రీము, వేళ్లతో కలిపి పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. మాయిశ్చరైజర్ రాస్తే పది పదిహేను నిమిషాలు ఆగి ఇది రాయండి.

దురద సిరప్పులు కూడా డాక్టరు బరువు చూసి చెప్పిన మోతాదులోనే, సీసాతో వచ్చిన కొలత మూతతోనే. ఇంట్లో చెంచాలు అన్నీ ఒక కొలతవి కావు. నిద్రపోతాడు కదా అని మత్తొచ్చే జలుబు మందు వేయడం ప్రమాదం.

14. డాక్టరు దగ్గరికి

మూడు రోజులకి తగ్గుముఖం పట్టకపోయినా, నిద్ర పాడవుతున్నా, మళ్లీ మళ్లీ వస్తున్నా వెళ్లండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, ఓపీ చీటీ కోసం పొద్దున్నే వెళ్తే నయం. ఆ రోజు ఒంటికి ఏమీ రాయకుండా తీసుకెళ్లండి. వెంట పట్టుకెళ్లాల్సినవి:

- తేదీలతో ఫొటోలు
- ఇప్పటిదాకా వాడిన ప్రతి ట్యూబు, సీసా, ఖాళీవైనా సరే. నాటుమందు పొట్లాలు కూడా
- నోటు పుస్తకం: దురద ఏ వేళకి, ఎంతసేపు, ఆ రోజు కొత్తగా ఏం జరిగింది
- ఇంట్లో ఇంకెవరు గోక్కుంటున్నారో, ఎవరికి ఉబ్బసం ఉందో

ఒక్కోసారి డాక్టరు అన్నీ చూసి "ప్రత్యేకంగా కారణమేమీ కనిపించట్లేదు" అంటారు. తెలియక అన్నట్టు కాదు. పైన ఉన్న స్నానం, క్రీము, పక్క పద్ధతి అలాగే సాగించి, చెప్పిన రోజుకి మళ్లీ చూపించండి.

15. ఆపినవాటిని తిరిగి తేవడం

దురద తగ్గి వారం గడిచాక, మానేసినవి ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం మూడు రోజులు. పుస్తకంలో తేదీ వేసుకోండి. మళ్లీ గోకుడు మొదలైందంటే దొంగ దొరికినట్టే. మా ఇంట్లో మొదట తిరిగొచ్చింది మొలతాడు, అదీ ఈసారి వదులుగా. నెల తర్వాత ఆదివారాలు మాత్రం మెత్తటి పెసరపిండి, అత్తయ్య కోసం. పౌడరు డబ్బా ఇప్పుడు క్యారమ్ బోర్డు దగ్గర ఉంది.